మంత్రిగారి గొంతులో పెంకు

మంత్రిగారి గొంతులో రొయ్య పెంకు ఇరుక్కుని అప్పటికి నాలుగు నిమిషాలైంది. అంత బాధలోనూ ఆయన మైకు వదల్లేదు. ప్రజాసేవ అంటే అదీ!

ఆయన మా తీరప్రాంత రుచుల శాఖ మంత్రి, ఫ్లోరిమొండ్ కెస్టెలూట్. ఆ మధ్యాహ్నం మా బెల్జియం ఒడ్డున, సముద్రానికెదురుగా ఉన్న పద్నాలుగు రెస్టారెంట్లకు "ఇక్కడే, చేత్తో వలిచిన రొయ్య" అని చెక్కిన ఇత్తడి బిళ్లలు ఇవ్వడానికి వచ్చారు. పొద్దున పత్రికల కోసం, ఆ పద్నాలుగింటిలో ఒకదాని యజమానురాలు గొడెలీవ్ గారి వంటింట్లో స్వహస్తాలతో రొయ్యలు వలిచారు కూడా. ఆ ఫొటోలు తీసింది నేనే.

ఇటాలియన్, థాయ్, స్టార్ హోటల్, చిప్స్ కొట్టు, అందరూ టమాటా తొలిచి, రొయ్యలు కూరి, గొడెలీవ్ గారి హోటలు ముందు వేసిన వేదిక మీదికి పళ్లేలు పంపారు. "నేను జాలరి మనవణ్ణి! పెంకు వాసన చూసి పడవ పేరు చెప్తా" అంటూ మంత్రిగారు వరసగా పదమూడు తిన్నారు. ఎక్కడా పెంకు తగల్లేదు. రొయ్యలన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. "ఏం పనితనం!" అన్నారు.

ఆ పదమూడు వంటిళ్ల వెనకా పొద్దున్నే ఒకే ఐసు లారీ ఆగింది. దాని మీద ఒంటె బొమ్మ ఉంది. మా రొయ్యలు మొరాకో దాకా వెళ్లి వలిపించుకుని తిరిగొస్తాయని గిట్టనివాళ్లు అంటారు. ఒంటెను ఫొటో తియ్యమని నాకెవరూ చెప్పలేదు.

పద్నాలుగోది గొడెలీవ్ గారి పళ్లెం. దగ్గు అక్కడ మొదలైంది.

పెంకు బయటపడగానే అక్కడికక్కడే విచారణ సంఘం ఏర్పడింది. సభ్యుడు ఒక్కడే, మంత్రిగారి కార్యదర్శి టైబర్ట్. పెంకును పట్టకారుతో ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేశాడు.

"ఇది హత్యాయత్నమా, నిర్లక్ష్యమా అమ్మా? ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి."

"చేత్తో వలిస్తే ఎప్పుడో ఓ ముక్క ఉండిపోతుంది బాబూ" అంది గొడెలీవ్.

"మిగతా పదమూడు మందీ చేత్తోనే వలిచారుగా! వాళ్లకెందుకు ఉండలేదు?"

పదమూడు మంది యజమానులూ తమ చేతుల వంక వినయంగా చూసుకున్నారు.

"దోషి పేరు చెప్పండి. లేదంటే నాలుగింటికి మీ తలుపుకి సీలు. సీజనంతా."

గొడెలీవ్‌ది ముప్పయ్యొక్కేళ్ల హోటలు. అక్కడ వలిచేది తనూ, ఎనభై రెండేళ్ల తల్లి ఆల్మా, అంతే.

"రాసుకోండి. నేనే."

"నోరు మూసుకోవే!" ఆల్మా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఆ సంచి ఇటివ్వు నాయనా."

వెలుగుకి పట్టి చూసింది. "తోక మెలితిప్పకుండా పీకారు. మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లలు కూడా ఇలా పీకరు."

"అయితే ఎవరో తెలుసన్నమాట!" మంత్రిగారు ఉత్సాహంగా మైకు ఆమె నోటి ముందు పెట్టారు. "భయపడకు అవ్వా. ఎంత పెద్దవాడైనా వదలను. ఆ మనిషి మళ్లీ ఈ ఒడ్డున రొయ్య ముట్టకూడదు. రాసుకో టైబర్ట్, ఇది నా ఉత్తర్వు!"

టైబర్ట్ రాశాడు. మంత్రిగారు సంతకం పెట్టారు. ముద్ర కూడా పడింది.

"మా బల్ల దగ్గర ఒకటే పద్ధతి" అంది ఆల్మా. "ఎవరు వలిచింది వాళ్ల పళ్లెంలోకే. అతిథైనా సరే. పొద్దున ఒకాయన వచ్చి ఏడు రొయ్యలు వలిచాడు. అరగంట పట్టింది. ఆ ఏడూ ఆయన టమాటాలోనే పెట్టాను."

మంత్రిగారు మైకు వెనక్కి తీసుకోబోయారు. ఆల్మా వదల్లేదు.

"పేరు?" అన్నాడు టైబర్ట్, అలవాటు కొద్దీ, కాగితం మీంచి తలెత్తకుండా.

"ఫ్లోరిమొండ్ కెస్టెలూట్" అంది ఆల్మా, పడవల దాకా వినపడేట్టు. "జాలరి మనవడు."