గోడగారి స్మారక భవనం

ఊరికి కీర్తి తెచ్చిన హాకీ వీరుడికి ఆయన బతికుండగానే స్మారక భవనం కట్టాలని మా పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పక్క ఊరివాళ్లు తమ మల్లయోధుడికి విగ్రహం పెట్టుకున్న కొద్దిరోజులకే ఈ భక్తి పుట్టడం కేవలం కాకతాళీయం.

వీరుణ్ణి ఊళ్లో అందరూ ‘గోడ’ అంటారు. పెద్ద జట్లలో ఏళ్ల తరబడి డిఫెండర్‌గా ఆడాడు. ఆయన్ను దాటి బంతి వెళ్లడం అరుదు. పడని గోల్‌కి చప్పట్లు కొట్టే అలవాటు మనకు లేదు కాబట్టి ఎవరూ కొట్టలేదు. ఆట మానేసి ఊరికొచ్చిన కొత్తలో క్షవరశాల యజమాని, “మొత్తానికి ఎన్ని గోల్స్ కొట్టావు బావా?” అని అడిగాడు. “ఒక్కటీ లేదు” అన్నాడు గోడ. యజమాని జాలిపడి, మెడమీద పౌడరు కాస్త ఎక్కువ అద్దాడు.

తరవాత గోడ పాత మైదానంలో రాళ్లేరి, సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చాడు. ఈ దురలవాటును ఊరు పెద్దమనసుతో సహించింది.

శుభవార్త చెప్పడానికి సంఘాధ్యక్షుడు స్వయంగా ఇంటికి వచ్చాడు.

“స్మారకమంటే పోయినవాళ్లకి కదండీ?” అంది గోడ భార్య, ఇవ్వబోతున్న టీ గ్లాసు వెనక్కి తీసుకుని.

“ఆయన ఉండటం మాకేం అభ్యంతరం కాదమ్మా.”

“ఎక్కడ కడతారు?” అన్నాడు గోడ.

“ఇంకెక్కడండీ! మీ మైదానంలోనే!”

గోడ ముఖం పాలిపోయింది. “నా పేరూ వద్దు, భవనమూ వద్దు. ఆ నేల అలా వదిలెయ్యండి బాబూ. పిల్లలకి ఇంకో చోటు లేదు.”

అధ్యక్షుడి కళ్లు చెమర్చాయి. మర్నాడు సభలో, “ఎంతటి నిరాడంబరత! ఇంతటి మహనీయుడికి ఒక్క అంతస్తు ఏ మూలకి?” అని గర్జించాడు. రెండో అంతస్తు ఆమోదం పొందింది. ఈసారి గోడే వెళ్లి చేతులు జోడించాడు. లిఫ్టు కూడా మంజూరైంది.

శంకుస్థాపన రోజు గోడ హాకీ కర్ర పట్టుకుని తవ్వే యంత్రానికి అడ్డంగా నిలబడ్డాడు. అది ఎడమకు తిరిగితే తనూ ఎడమకు, కుడికి తిరిగితే కుడికి. మోకాళ్లు అరిగాయి గానీ అడుగు మరవలేదు. డ్రైవరుకు చెమటలు పట్టాయి. కార్యక్రమంలో భాగం కాబోలనుకుని ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన జీవితంలో అదే మొదటిసారి. “ఇంకోసారి!” అని కూడా అరిచారు.

భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. “రండి, ఇంటికి పోదాం. మీ ఆట వీళ్లకి అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.”

“చూశావుగా? నన్ను దాటలేదు” అన్నాడాయన రొప్పుతూ.

“దాటలేదండీ” అంది ఆవిడ, కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ.

వాళ్లు వీధి మలుపు తిరిగాక యంత్రం పని మొదలుపెట్టింది.

భవనం దివ్యంగా వచ్చింది. ముందు గోడగారి కంచు విగ్రహం, గోల్ కొడుతున్న భంగిమలో. ఆవరణలో పిల్లలెవరైనా బంతి తీస్తే కాపలావాడు తరిమేస్తాడు. మహనీయుడి గౌరవం కాపాడాలి కదా.

మొన్న ఆ భవనంలోనే సదస్సు జరిగింది. మన ఊరి నుంచి మరో ఆటగాడు ఎందుకు పుట్టడం లేదన్నది విషయం. ఈ కాలం పిల్లల్లో పట్టుదల లేదని పెద్దలు తేల్చారు. నిజమేనని నేను తల ఊపాను. పక్క కుర్చీలో మీరూ ఊపారు, చూశాను.