కోత పండుగలో కరుణ బండి

ఆ ఆదివారం పొద్దున జ్ఞానప్రకాశం అనుకున్నది పెద్ద పనేమీ కాదు. కూతురు కరుణాకుమారిని కొత్త బండిలో కూర్చోబెట్టి చర్చికి తోసుకుపోవాలి. చక్రం ఎక్కడ మొరాయిస్తుందో దారిలోనే చూసుకోవాలి. సోమవారం అదే బండిలో బడికి తీసుకుపోవాలి. పోలియో వచ్చి కాళ్లు పడిపోయిన పిల్లను రోజూ ఎత్తుకొచ్చి దించుతుంటే మిగతా పిల్లల చదువు పాడవుతుందని, బండిలో వస్తేనే చేర్చుకుంటానని హెడ్మాస్టరు అన్నాడు. పాడయ్యేంత చదువు ఆ బడిలో ఏముందో జ్ఞానప్రకాశం అడగలేదు.

ఆ బండి కోసం పిల్లను భుజాన వేసుకుని నెల్లూరు అంగళ్లన్నీ తిరిగాడు. దొరల బిడ్డలు పడుకునే తోపుడు బండి చూపించారు. ఎనిమిదేళ్ల కరుణ కాళ్లు దానిలోంచి బయటికి వేలాడాయి. ఆసుపత్రిలో చక్రాల కుర్చీ చూశారు. అది తమ ఊరు విడవలూరు ఇసకలో దిగిందంటే పైకి తియ్యడానికి ఎద్దులు కావాలి.

"సన్న చక్రాలు వద్దు నాయనా. మన వీధిలో సైకిలే దిగబడతాది," అని కరుణే తేల్చింది.

చివరికి వడ్రంగి గంగాధరం వెడల్పాటి కొయ్య చక్రాలు పెట్టి, వీపు ఆనుకోవడానికి పలక, నడుముకు బెల్టు అమర్చి చేసిచ్చాడు. మెత్త మాత్రం జ్ఞానప్రకాశమే కుట్టాడు. అతను టైలరు. గుడ్డ ఎక్కడిదని టైలరును అడగకూడదు.

ఆ రోజు కోత పండుగ. ఎవరి పంట వాళ్లు తెచ్చి చర్చిలో బల్ల ముందర పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక అన్నీ వేలం వేస్తారు. ప్రార్థన పడిన వస్తువు దేవుడిది. ఇచ్చినవాడు దాన్ని మళ్లీ పాడుకోకూడదు.

భార్య ఎస్తేరమ్మ తమ కానుక గుమ్మడికాయను బండిలో పిల్ల కాళ్ల దగ్గర పెట్టింది. "నెత్తిన మోస్తే కొప్పు చెదిరిపోతాది. బండి ఉండాది గదా," అంది.

మెట్ల దగ్గర బండి ఆపి, జ్ఞానప్రకాశం పిల్లను ఆడవాళ్ల చాప మీద దించి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. తిరిగొచ్చేసరికి బండి లేదు. కానుకలు మోసేవాళ్లు దాన్ని గుమ్మడికాయతో సహా ఎత్తుకుపోయి, బల్ల ముందర అరటిగెలలకూ కోళ్లకూ మధ్య నిలబెట్టారు. పాస్టరుగారు అప్పటికే ప్రార్థనకు కళ్లు మూసుకున్నారు.

అందరి కళ్లూ మూసి ఉండగానే లాక్కొచ్చేద్దామని జ్ఞానప్రకాశం వంగి వంగి ముందుకు పోయాడు. బండి పట్టుకుని లాగాడు. కొత్త ఇరుసు కీచుమంది. సంఘమంతా కళ్లు తెరిచింది. అతను చప్పున మోకాళ్ల మీద పడ్డాడు.

పాస్టరుగారు అతని వైపు చెయ్యి చాపారు. "చూసినారా బిడ్డలారా. కన్నబిడ్డ బండిని దేవుడికిచ్చి, అదీ చాలదని మోకరించినాడు మన ప్రకాశం."

"అది కాదయ్యగారూ, గుమ్మడికాయ..."

"గుమ్మడికాయ కూడా," అన్నారు పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ.

ఆడవాళ్లు ముక్కులు చీదారు. ఎస్తేరమ్మా ఏడ్చింది గానీ ఆమె కారణం వేరు.

"ఇప్పుడన్నా పోయి చెప్పు," అంది వేలానికి ముందర.

"ఏమని చెప్పేది? ఇంతమంది ఏడ్చినాక."

"వాళ్ల కన్నీళ్లలో పడవ వేసుకుని పోతాదా పిల్ల బడికి?"

జ్ఞానప్రకాశం సంఘపెద్ద దగ్గరికి పోయాడు. ఆయన రైసుమిల్లు పరంజ్యోతి. బండి పక్కన నిలబడి మెత్తను వేళ్లతో నలిపి చూస్తున్నాడు.

"ఈ నీలం గుడ్డ యాడో చూసినట్టుండాదే ప్రకాశం. నా కోటుకు గుడ్డ చాల్లేదని చేతులు పొట్టి చేసినావు గదా?"

"నీలం రంగు... అందరూ కడతారు గదండీ," అన్నాడు జ్ఞానప్రకాశం. చెప్పాలనుకున్న మాటను అక్కడే మింగేశాడు.

వేలంలో పరంజ్యోతికి పోటీ హెడ్మాస్టరు విజయభాస్కర్. చర్చిలో ముందు బెంచీ ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. బండితో ఇద్దరికీ పని లేదు. అయినా పాట పెరుగుతూనే పోయింది. బండి హెడ్మాస్టరు ఇంటికే పోతే, బండి లేదని ఆయనే రేపు పిల్లను వెనక్కి పంపుతాడు. అది తలుచుకునేసరికి జ్ఞానప్రకాశం ఉండబట్టలేక తానూ ఒక పాట పాడాడు.

"ఇచ్చినోడే పాడతాడా? దేవుడితోనే బేరమా అన్నా?" అన్నారు వెనక నుంచి. నవ్వులు లేచాయి. ఇందాక ఏడ్చినవాళ్లే.

పాట పరంజ్యోతికి కొట్టేశారు. ఆయన కోటు సర్దుకున్నాడు. చేతులు ఎంత లాగినా మణికట్టు దాకా రాలేదు.

"ఈ బండి నాకెందుకు? నడవలేని బిడ్డ మన సంఘంలోనే ఒకతి ఉండాది. కరుణాకుమారికి దానంగా ఇస్తా ఉండాను."

చర్చి మళ్లీ ఏడ్చింది. జ్ఞానప్రకాశం లేచి, తన బండి తనకిచ్చినందుకు రెండు చేతులూ జోడించి కృతజ్ఞతలు చెప్పాడు. పరంజ్యోతి అతని చెవి దగ్గర వంగి, "ఆ మెత్త కూడా నా దానంలోనే కలుపుకో," అన్నాడు. సాయంత్రానికి బండి పక్కన ఎర్ర రంగుతో 'దాత: పరంజ్యోతి' అని రాయించి పంపాడు.

"రేపు బడికి పోవచ్చా నాయనా?" అంది కరుణ.

"పోవచ్చమ్మా."

"అయితే మనదేనని ఎవురికీ చెప్పొద్దులే. మళ్లీ దేవుడికిమ్మంటారు."

సోమవారం ఆ ఎర్ర అక్షరాలు చూసి హెడ్మాస్టరు మొహం తిప్పుకున్నాడు గానీ, పిల్లను చేర్చుకున్నాడు.

మరుసటేడు కోత పండక్కి గుమ్మడికాయను జ్ఞానప్రకాశమే నెత్తిన మోసుకొచ్చాడు, కానుకతో పాటు అదీ పోతుందేమోనని తలకు చుట్టుకునే తుండుగుడ్డను ఇంట్లోనే వదిలేసి.