శ్రీనివాసులును ఎరిగిన ఇద్దరు

ఆ సోమవారం పొద్దున శ్రీనివాసులు పెట్టుకున్న పని ఒక్కటే. ఫోనులో నింపుతున్న దరఖాస్తులో మిగిలిపోయిన ఒక్క గడి నింపి, ఎనిమిదిన్నర బస్సుకు ముందే పంపేయాలి. పేరు, ఊరు బత్తలపల్లె, వయసు ముప్పై ఆరు, గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లు స్టోర్‌కీపరు, ఆ పదకొండేళ్లలో ఒక్క బోల్టు కూడా కనబడకుండా పోలేదన్న సంగతి, ఇవన్నీ ముందురోజే నింపేశాడు. ఆఖరి గడి దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. "బంధువులు కాకుండా, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు" అని అడుగుతున్నారక్కడ.

దేశంలో నూట నలభై కోట్ల మందికి పైగా ఉన్నారు. గుమ్మఘట్ట వైపు సోలార్ ప్లాంటు పెట్టిన ఆ కంపెనీ అడిగింది ఇద్దరినే. శ్రీనివాసులు ఫోనులోని పేర్లను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు. గ్యాస్ సిలిండరు, కరెంటాఫీసు, రీచార్జి, బస్టాండు ఆటో. ఒక నంబరు మీద "అమ్మ" అని ఉంది. అమ్మ పోయి రెండేళ్లయినా దాన్ని తీసేయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేద్దామంటే గడి ఎర్రబడి కూచుంటోంది.

ధర్మవరం అవతలున్న ఆ ఫ్యాక్టరీ మూతపడి ఏడు నెలలైంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. కోటు తొడుక్కున్న ఒకాయన ఫోనులో రోజూ కనిపించి, ఉద్యోగం సంపాదించే ఉపాయాలు చెబుతుంటాడు. ఉద్యోగం వెతకడమే ఒక ఉద్యోగమనుకొని వేళకు తయారై బయల్దేరాలన్నాడు. దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు, ఏ కంపెనీకి పంపితే ఆ కంపెనీ పనికి తగ్గట్టు మార్చి రాయాలన్నాడు. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారని అడిగితే తడుముకోకూడదన్నాడు. శ్రీనివాసులు అన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు. ఉద్యోగం వెతుకుతున్నానని పదిమందికీ చెప్పుకోవాలన్న మాట దగ్గర మాత్రం వీడియో ఆపేసేవాడు. అది ఆయనకు చేతనైన పనేమో గానీ తనకు కాదు.

అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకొని, టిఫిన్ డబ్బా పట్టుకొని, రోజూ ఎనిమిదిన్నర బస్సెక్కి ధర్మవరం గ్రంథాలయానికి వెళ్లేవాడు. అక్కడ పేపర్లలో ప్రకటనలు చూసి, దరఖాస్తులు పెట్టి, ఒంటరిగా అన్నం తిని, సాయంత్రం తిరిగొచ్చేవాడు. కొన్ని రోజుల్లో అతని నోటి నుంచి వచ్చిన మాటలు మొత్తం కలిపితే పొద్దున "ఒక ధర్మవరం", సాయంత్రం "ఒక బత్తలపల్లె" అని కండక్టరుతో అన్నవే. మనిషితో మాట్లాడక గొంతు జీరబోయిందని, దగ్గు మందు కూడా కొన్నాడు.

చివరికి రెండు పేర్లు రాశాడు. ఒకటి తిప్పమ్మది. బస్టాండు ముందర ఉగ్గాని, బజ్జీల బండి ఆమెది, ఆరేళ్లుగా అతని పొద్దుటి తిండి అక్కడే. రెండోది కుళ్లాయప్పది. రిటైరైన బస్సు కండక్టరు, శ్రీనివాసులు అద్దెకున్న మిద్దెగదికి యజమాని. మీ నంబరు ఇస్తున్నానని వాళ్లకు చెబితే ఎందుకని అడుగుతారు, అప్పుడు ఏడు నెలల సంగతీ చెప్పాలి. కాబట్టి చెప్పలేదు. దరఖాస్తు పంపేసి బస్సెక్కాడు.

గురువారం పొద్దున తిప్పమ్మకు ఫోనొచ్చింది. చేసినది గౌతమి, అనంతపురంలో ఆ కంపెనీ ఆఫీసు ఉద్యోగి. విచారణ పూర్తయ్యేదాకా కంపెనీ పేరు బయటపెట్టకూడదని ఆమె పైఅధికారి కట్టడి.

"తిప్పమ్మగారేనా అండీ? శ్రీనివాసులుగారి గురించి కొంచెం విచారించుకోవాలి. మేం అడిగినట్టు ఆయనకు మాత్రం చెప్పొద్దు."

తిప్పమ్మ స్టవ్ ఆపేసింది. నూనెలో బజ్జీలుండగా ఆమె స్టవ్ ఆపడం ఎవరూ ఎరగరు. గొంతు తగ్గించుకొని, పేరు చెప్పకుండా, పిల్లవాడికి తెలియకూడదంటూ ఒక ఆడమనిషి ఫోన్ చేస్తే అది దేనికో ఆ చుట్టుపక్కల చెప్పనవసరం లేదు. పిల్లనివ్వబోయేవాళ్లు అట్లాగే అడుగుతారు. నలుగురి పెళ్లిళ్లు కుదిర్చిన చెయ్యి తిప్పమ్మది.

"అడుగమ్మా, అడుగు. మా శీనప్ప గురించి నన్ను గాక ఎవర్నడుగుతావు?"

"ఆయన ప్రవర్తన ఎలాంటిది?"

"బంగారమమ్మా. తలెత్తి ఎవర్నీ చూడడు. టీ గూడా అరకప్పే."

"పని ఎలా చేస్తారు?"

"వాడు లేకుంటే ఆ ఫ్యాక్టరీ తాళం తీసే దిక్కు లేదు. నలబై వేలిస్తాండారు!"

గౌతమి ఎదురుగా ఉన్న దరఖాస్తులో ఫ్యాక్టరీ మూతపడిందని ఉంది. "ఇప్పుడు కూడా పనిలో ఉన్నారా?"

"ఉండకేం? ఈ పొద్దు గూడా నా కండ్ల ముందరే డబ్బా పట్టుకొని పోయినాడు."

"మరి మా వైపు వచ్చి ఉండమంటే ఉంటారా?"

తిప్పమ్మ ఒళ్లు మండింది. ఇంకా పిల్లను చూపించనేలేదు, అప్పుడే ఇల్లరికం అడుగుతున్నారు! "ఆ మాట మాత్రం ఎత్తొద్దమ్మా. ఊరొదిలి రాడు. మేం పంపించం. కావాలంటే మీరే ఈడికి రండి." గౌతమి "వేరే ఊరికి రావడానికి సిద్ధంగా లేరు" అని రాసుకుంది.

ఫోన్ పెట్టగానే తిప్పమ్మ కుళ్లాయప్పను పిలిచి సంగతి చెప్పింది. నలభై వేలన్నానని, తగ్గించి చెప్పి పరువు తీయొద్దని హెచ్చరించింది. కుళ్లాయప్ప తగ్గించే మనిషి కాదు. గంట తర్వాత ఆయన ఫోను మోగింది. శ్రీనివాసులుకు ఉద్యోగం కాక వేరే ఆదాయం ఏమైనా ఉందా అని గౌతమి అడిగింది.

"చీనీ తోట ఐదెకరాలుండాది తల్లీ. రెండు బోర్లు. రెండిట్లోనూ నీళ్లు!"

అనంతపురం నేల మీద అంతకంటే పెద్ద అబద్ధం ఎవరూ ఆడలేరు. ఆ ఊపులో ఆయన శ్రీనివాసులును మేనేజరును కూడా చేశాడు. అత్తమామల పోరు లేదు, ఇంటికొచ్చే చుట్టం లేదు, పిల్ల సుఖపడుతుందన్నాడు. ఏ పిల్లో గౌతమికి అర్థం కాలేదు. సాయంత్రానికి ఆమె ఫైలులో, చీనీ బత్తాయిల తోటా నలభై వేల జీతమూ ఉన్న ఒక మేనేజరు, ఊరొదిలి రానంటూనే, పద్దెనిమిది వేల స్టోర్‌కీపరు పనికి దరఖాస్తు పెట్టుకున్నట్టు తేలింది. ఎవరో వేరేవాడి పేరుతో మోసం చేస్తున్నారని పైఅధికారి తేల్చేశాడు. స్వయంగా వెళ్లి చూసి రమ్మన్నాడు.

"శనివారం వచ్చి ఒకసారి ఇల్లు చూస్తామండీ" అని గౌతమి తిప్పమ్మకు ఫోన్ చేసింది.

ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే సగం కుదిరినట్టే. కుళ్లాయప్ప మిద్దెకు సున్నం కొట్టించాడు. ఆయన భార్య లక్ష్మీదేవి ఓళిగలకు, అదే బొబ్బట్లకు, పప్పు నానబోసింది. వీధిలో ఎవరింటి మంచి కుర్చీ ఉంటే అది మిద్దె ముందుకు చేరింది. మాటిచ్చారు కాబట్టి శ్రీనివాసులుకు మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

"శనివారం పనికి పోవద్దప్పా" అంది తిప్పమ్మ.

"ఏంటికక్కా?"

"పోవద్దంటే పోవద్దు. అంత కావల్లంటే మీ ఓనరుతో నేను మాట్లాడతా, నంబరియ్యి."

లేని ఓనరు నంబరు ఎక్కడినుంచి తెస్తాడు? సెలవు పెడతానన్నాడు.

శనివారం పదిగంటలకు కంపెనీ కారు వచ్చి ఆగింది. ముందు డ్రైవరు లింగప్ప దిగాడు. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, బుర్రమీసాలు. పిల్ల తండ్రి అంటే ఇట్లా ఉండాలని అందరికీ అనిపించింది. ఆయన్ను పెద్ద కుర్చీలో కూచోబెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, ఆకులో మూడు ఓళిగలు, వాటి మీద నెయ్యి వేశారు. పదిహేనేళ్ల డ్రైవరు బతుకులో లింగప్పకు అంత మర్యాద జరగలేదు. ఎందుకని అడిగితే ఎక్కడ ఆగిపోతుందోనని ఆయన నోరెత్తలేదు.

వెనక సీటులోంచి ఫైలు పట్టుకొని గౌతమి దిగింది. పిల్లే స్వయంగా వచ్చిందంటే కాలం ఎంత మారిందోనని ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. ప్రశ్నలడగడానికి వచ్చిన ఆమె, కూచున్న మరుక్షణం నుంచి జవాబులు చెబుతూ ఉండిపోయింది.

"ఏం చదివినావు తల్లీ?"

"ఎంబీయే అండీ."

"ఉద్యోగం మానుకుంటావా, చేస్తావా?"

"ఎందుకు మానుకుంటానండీ?"

"చెయ్యి, చెయ్యి. మావాడేం అనడు. సంగటి కలపనొస్తాదా?"

ఆ ప్రశ్నకు గౌతమి ఫైలులో చోటు లేదు. ఇంతలో శ్రీనివాసులు మిద్దె మెట్లు దిగాడు. ఫైలు మీద కంపెనీ గుర్తు చూడగానే చొక్కా కాలరు సర్దుకున్నాడు. కంపెనీ తన ఇంటికే వచ్చింది! కోటాయన చెప్పినట్టు వీపు నిటారుగా పెట్టి, చెదరని చూపుతో ఎదురుగా కూచున్నాడు. ఆమె ఒక్క ప్రశ్నా అడగకముందే, ఏడు నెలలుగా అద్దం ముందు చెప్పుకున్న జవాబు ధారాళంగా వచ్చేసింది.

"ఐదేళ్ల తర్వాత గూడా మీ దగ్గరే ఉండాలని, మీతోపాటే ఎదగాలని నా కోరిక మేడమ్!"

తలెత్తి ఎవరినీ చూడనివాడు ఇంత మాట అన్నాడా! లక్ష్మీదేవి కళ్లు తుడుచుకొని, కుంకుమ భరిణె, రవికెగుడ్డ తెచ్చి గౌతమి ఒళ్లో పెట్టింది.

గౌతమి లేచి నిలబడింది. "అమ్మా, నేను సోలార్ కంపెనీ నుంచి వచ్చాను. ఈయన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ మూతపడి ఏడు నెలలైందని ఆయనే రాశారు. మీరేమో రోజూ పనికి పోతున్నాడంటున్నారు. ఇందులో ఏది నిజం?"

లింగప్ప మూడో ఓళిగను చప్పుడు కాకుండా నోట్లో పెట్టుకున్నాడు. శ్రీనివాసులు నేల చూపులు చూశాడు. "నేను రాసిందే నిజం మేడమ్" అన్నాడు.

"మరి ఏడు నెల్లుగా డబ్బా పట్టుకొని యాడికి పోతాండావురా?" అంది తిప్పమ్మ.

"లైబ్రరీకక్కా. ఆడ ఫ్యానుంటాది."

ఒక్కడే గోడవైపు తిరిగి చల్లన్నం తింటున్న మనిషి అక్కడున్న అందరి కళ్లకూ కట్టాడు. తిప్పమ్మకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఆరేండ్లుగా నా చేత్తో తింటాండావు. ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలతాండెనా?"

"ఎవరికని చెప్పుకునేదక్కా? ఇద్దరి పేర్లు రాయమంటే గంటసేపు కూచున్యా. మీకు నేనెవరో, రాయొచ్చో లేదో గూడా నాకు తెలీదు" అన్నాడు శ్రీనివాసులు. ఏడు నెలల్లో అతను మాట్లాడిన అతి పెద్ద వాక్యాలవి.

గౌతమికి జాలి కలిగింది. కానీ జాలికి ఫైలులో గడి లేదు. ఇచ్చిన వివరాలు పొసగలేదని రాసుకొని, కుంకుమ మాత్రం పెట్టించుకొని వెళ్లిపోయింది. ఆ ఉద్యోగం అక్కడితో పోయింది. ఆ సాయంత్రం శ్రీనివాసులు గది తలుపు మూసుకొని కూచున్నాడు. కింద కుళ్లాయప్ప ఇంట్లో మిగిలిన ఓళిగలు ఎవరూ ముట్టుకోలేదు.

మరునాటి నుంచి తిప్పమ్మ బండి దగ్గర సంబంధాలు వెతికినట్టే ఉద్యోగం వెతకడం మొదలైంది. ఉగ్గాని తినే లారీ డ్రైవరు దగ్గర్నుంచి ఎరువుల ఏజెంటు దాకా ఎవరినీ ఆమె ఊరికే వదల్లేదు. "ఏమప్పా, మీ తట్టు గోడౌన్లుండాయా? మంచి పిల్లోడుండాడు." కుళ్లాయప్ప తన సర్వీసులో పరిచయమైన కండక్టర్లందరికీ ఫోన్లు చేశాడు. కోటాయన చెప్పిన పదిమంది ఎక్కడ, వీళ్లిద్దరూ వారంలో చెప్పిన మూడొందల మంది ఎక్కడ! తొమ్మిదో రోజుకల్లా ధర్మవరంలో డ్రిప్పు పైపుల గోడౌన్ యజమాని కేశవ అతన్ని పిలిపించి, స్టోర్‌కీపరుగా పెట్టుకున్నాడు. దరఖాస్తు కూడా అడగలేదు.

చేరిన మూడో రోజు, బుధవారం సాయంత్రం, కేశవ అతన్ని లోపలికి పిలిచాడు. పైపులన్నీ సైజుల వారీగా సర్దినందుకు మెచ్చుకున్నాడు. శ్రీనివాసులుకు కడుపు నిండిపోయింది. తన పనిని ఒక మనిషి చూసి ఎన్నాళ్లయిందో.

"ఒంటిగాళ్లను నేను పెట్టుకోనప్పా. నెలకే చెప్పాపెట్టకుండా పోతారు" అన్నాడు కేశవ. "మీ తిప్పమ్మక్క చెప్పినాది గాబట్టి ధైర్యంగా తీసుకున్యా. ఇంట్లో ఆడమనిషీ, బడికి పోయే పిల్లోళ్లిద్దరూ ఉండారంట గదా, సంసారివి. ఆదివారం మా పాప పుట్టినరోజు. అందర్నీ పిల్చుకొని భోజనానికి రా."

శ్రీనివాసులు తల ఊపి బయటికొచ్చాడు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉంది.