ముభావంగా కుదిరిన బేరం

ఆ ఉదయం పాత సామాన్ల వ్యాపారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్క గదిలో గడియారాలు బాగుచేసే బాబాయికి చూపు ఆనడం లేదు, కొట్టు మూసేస్తున్నాడు. తన సొంతమైన ఆ గది ఎవరికి అద్దెకివ్వాలో మాట్లాడటానికి వస్తున్నాడు. గది దొరికితే వీధిలో టార్పాలిన్ పట్టా కింద నానుతున్న చెక్క బీరువాలు లోపలికి చేరతాయి. దొరక్కపోతే వచ్చే వానలకి సగం సరుకు వంటచెరకు కింద లెక్క. అలాగని ఆశ మొహంలో కనబడకూడదు. కనబడిందా, అద్దె ఆకాశాన్నంటుతుంది.

"అందరం ముభావంగా ఉండాలి," అన్నాడు భార్యతో, బావమరిదితో.

"అంటే అలిగినట్టా బావా?" అన్నాడు బావమరిది.

"అలక కాదురా. అలిగినవాడికి బతిమాలించుకోవాలని ఉంటుంది. ముభావంలో అదీ ఉండదు. ఎదుటివాడు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఏమడిగినా 'ఊఁ' అనాలి. నవ్వొస్తే మింగాలి."

"మీరు మా పుట్టింటికొచ్చినప్పుడు ఉంటారే, అలాగా?" అంది భార్య.

"ఆఁ, సరిగ్గా అలాగే," అన్నాడు వ్యాపారి. ధ్యాసంతా బేరం మీదే ఉంది మరి.

బాబాయి నవ్వుతూ వచ్చాడు. "ఏమయ్యా, బాగున్నావా?"

"ఊఁ."

"ఏమ్మా, కులాసాయేనా?"

"ఊఁ."

బాబాయి నవ్వు సగానికి తగ్గింది. దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కున్నాడు. దాని కాలికి బావమరిది అప్పుడే జిగురు పెట్టాడు, ఇంకా ఆరలేదు. చెబుదామని నోరు తెరిచాడు. ముభావం గుర్తొచ్చి మూసేశాడు.

"ఆ గది సంగతి..." అంటూ కూర్చున్న బాబాయి, మాట పూర్తికాకుండానే కాళ్లు పైకెత్తి నేల మీదున్నాడు.

'అయ్యో' అన్న మాట వ్యాపారి గొంతుదాకా వచ్చింది. ఆ ఒక్క ముక్కకి అద్దె ఎంత పెరుగుతుందో లెక్కేసి, దాన్ని వెనక్కి పంపించాడు. "ఊఁ," అన్నాడు.

"పడ్డానయ్యా!"

"ఊఁ," అన్నాడు బావమరిది, గోడకేసి చూస్తూ.

భార్య ఇక ఆగలేకపోయింది. "మీ ముభావం తగలెయ్య!" అంటూ పరిగెత్తి బాబాయిని లేవదీసింది, మంచినీళ్లిచ్చింది. ఆయన నడుము పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఎదురు కొట్టు మంగలితో బాబాయి అన్నది 'పడితే లేపలేదు' అనే. గడ్డం గీయించుకుంటున్నవాడు దాన్ని 'పడేశాడు' అని మోసుకెళ్లాడు. వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ మంగలి చెవికి చేరేసరికి అది 'కుర్చీతో కొట్టాడు' అయింది. మంగలి చేతి నురగైనా కడుక్కోకుండా వచ్చాడు.

"అన్నా, ముసలాయన్ని కొట్టావట, నిజమేనా?"

ఆరా తీయడానికి బాబాయే పంపాడనుకున్నాడు వ్యాపారి. ఆశ బయటపెట్టకూడదు. "ఊఁ," అన్నాడు.

ఇంక సాక్ష్యం ఎవరికి కావాలి? బీరువా దించుతున్న కూలీలు దాన్ని వీధి మధ్యలోనే వదిలి వెళ్లిపోయారు. మంచం ఖాయం చేసుకున్నావిడ వచ్చి వద్దంది.

"అమ్మా, నేను కొట్టలేదు! ముభావంగా ఉన్నానంతే!"

"కొట్టి, పైగా ముభావంగా కూడా ఉన్నారా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

సాయంత్రానికి వ్యాపారి దిగొచ్చాడు. "నువ్వంటే బాబాయికి మంచి అభిప్రాయమే. వెళ్లి బతిమాలు. ఎంతడిగితే అంతకి గది ఖాయం చేసుకుని రా," అని భార్యని పంపాడు.

ఆమె తాళంచెవితో తిరిగొచ్చింది.

"ఇచ్చాడా!"

"ఇచ్చాడు. పొద్దున అసలు మీకే చవగ్గా ఇద్దామని వచ్చాడట."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నాకు చవగ్గా ఇచ్చాడు. లేపిన మనిషికే గది అన్నాడు. కుట్టుమిషను పెట్టుకుంటాను."

వ్యాపారి స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. గొంతులో ఎప్పుడూ లేని తీపి చేరింది. "మిషనుకి ఒక మూల చాలు కదే. మిగతా చోట నా బీరువాలు పెట్టుకుంటాను. అద్దె నువ్వెంతంటే అంత. ఏమంటావ్?"

బావమరిది గాలి ఎటు తిరిగిందో చూసుకుని, మెల్లగా అక్క పక్కకి చేరి, గోడకేసి చూడసాగాడు.

ఆమె తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"ఊఁ," అంది.

నవ్వొస్తే మింగాలన్న సంగతి కూడా ఆమె మరిచిపోలేదు.