పేర్రాజుగారి ఎడమ పాదానికి వైద్య సెలవు

మా మండలాఫీసులో పేర్రాజుగారి ఎడమ పాదానికి విడిగా నెల రోజుల వైద్య సెలవు మంజూరైనప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. అసూయ అనేది నా ఒంట్లోనే లేదు.

చీలమండ దగ్గర నరం నొక్కుకుపోయి ఆ పాదం మొద్దుబారింది. నెల రోజులు ఫిజియోథెరపీ చేయించకపోతే ఇక స్పర్శ తిరిగి రాదని డాక్టరు రాశాడు. సీనియర్ అసిస్టెంటైన పేర్రాజుగారికి అన్ని రోజులు ఇవ్వడం కుదరదనీ, పాదానికైతే అభ్యంతరం లేదనీ ఆఫీసు తేల్చింది. కాబట్టి రోజూ పదింటికి పాదం ఒక్కటే షేర్ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లేది. మిగతా పేర్రాజుగారు సీట్లో కూర్చుని ఫైళ్లు చూసేవారు.

అక్కడ ఫిజియోథెరపీ చేసే షాహినా మేడం దాన్ని దిండు మీద పెట్టి, మెల్లగా పైకీ కిందికీ వంచి నరాన్ని వదులు చేసేవారు. నేల మీద తువ్వాలు పరిచి వేళ్లతో దగ్గరికి లాక్కోమనేవారు. జానెడు లాగితే మెచ్చుకునేవారు. ఆఫీసుకి తిరిగొచ్చాక అటెండరు దగ్గర్నుంచి అందరూ ఎలా ఉందని దాన్నే అడిగేవారు.

పదిహేనో రోజున ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. పాదం నటిస్తోందట, సెలవు రద్దు చేయాలట. సంతకం ఉన్న అర్జీలు మా దగ్గర ఏళ్లకేళ్లు పడుంటాయి గానీ, ఆకాశరామన్న రాస్తే ఆ రోజే విచారణ.

తహసీల్దారుగారు పాదాన్ని బల్ల మీద కూర్చోబెట్టారు. ఆసుపత్రి నుంచి పిలిపించిన షాహినా మేడం చీలమండ వెనక వేలితో తట్టారు. జివ్వుమని వేళ్లన్నీ ముడుచుకున్నాయి. నరం నొక్కుకుపోతేనే ఇలా జివ్వుమంటుందని మేడం చెప్పారు. జబ్బు నిజమేనని తేలింది, సెలవు నిలిచింది. తర్వాత తహసీల్దారుగారు ఉత్తరం పైకి చదివారు. మేడం పాదాన్ని ‘బంగారం’ అని పిలుస్తారని కూడా అందులో ఉంది.

“గదిలో మేమిద్దరమే ఉంటామండి,” అన్నారు మేడం నా వైపు చూసి. “టీ టైములో మా గది కిటికీ బయట చెప్పు సర్దుకుంటూ నిలబడేది మీరే కదండీ?”

పాదం కూడా నా వైపే తిరిగింది.

“నేనే రాశానండి,” అన్నాను. “పదకొండేళ్లుగా అర్జీలు తీసుకుంటూ కౌంటరు దగ్గర నిలబడుతున్నాను. ఎలా ఉన్నావురా అని ఒక్కళ్లూ అడగలేదండి.”

తహసీల్దారుగారు కోప్పడలేదు. సెలవు ఫారం తీసి, ఎక్కడ నొప్పని అడిగారు.

“మొత్తం అండి.”

“మొత్తానికి ఫారం లేదయ్యా. ఏదో ఒక భాగం చెప్పు.”

తల అని రాయించాను. అది లేకపోయినా కౌంటరు పని ఆగదని, సాయంత్రంలోపే మంజూరు చేశారు.