ముంగిస పోగొట్టిన పద్నాలుగు అంగుళాలు

ఒక పెద్ద అడవిలో ప్రతిదానికీ ఒక సభ జరిగేది. ఎండ ఎక్కువైతే సభ, వాన తక్కువైతే సభ. అన్ని సభలకూ అధ్యక్షుడు ఎలుగుబంటి. ఆయన చెడ్డవాడేం కాదు. మాట్లాడడం, నిద్రపోవడం తప్ప వేరే దురలవాట్లు కూడా లేవు.

ఆ అడవిలో ఉత్తరాలూ మందు పొట్లాలూ మోసే తపాలా బంట్లు నలభై మంది. పాపం నడిచీ నడిచీ వాళ్ళ కాళ్ళు అరిగిపోతున్నాయని సభవారు పట్నం నుంచి నలభై సైకిళ్ళు తెప్పించారు. చక్రాలు ఎవరి ఎత్తుకు తగ్గట్టు వాళ్ళకు దొరికాయి. చిక్కల్లా సీటు దగ్గరే వచ్చింది. ఒక్కో సీటూ బండరాయంత గట్టిగా, కొస తేలి ఉంది. వారం తిరక్కుండానే, పుట్టుకతోనే పిర్రలకు కాయలున్న కొండముచ్చు కూడా నిలబడి అన్నం తినడం మొదలుపెట్టాడు. ముళ్ళపంది ఒక్కడే ఏమీ అనలేదు. అక్కడ బాధపడింది సీటు.

ఆ బంట్లలో ఒకామె ముంగిస. ఆమె పేరు నాగమణి. ముంగిసకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పెట్టినవాళ్ళకు హాస్యం తెలుసు. భర్త ఒక నాగుపాముతో పెట్టుకున్న వాదంలో పోయాడు. నలుగురు పిల్లలు. నల్లకొండ మీది వైద్యుడిచ్చిన మందులు తుంగమడుగు దాకా చేర్చడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పైగా ఆమెకు సైకిలంటే ప్రాణం. దిగుడు బాటలో తొక్కడం ఆపి ఊరుకుంటే, గాలికి మీసాలు వెనక్కి వాలేవి. అప్పుడు ఆమెకు కష్టమన్నదే గుర్తుండేది కాదు. సీటు ఒక్కటే గుర్తుచేసేది.

సీటు విప్పి ఇంకోటి బిగించుకోవడం పావుగంట పని. కానీ సభవారి వస్తువును సొంతంగా మార్చుకుంటే ఉద్యోగం పోతుందని నియమం ఉంది. అందుకని నాగమణి దరఖాస్తు రాసుకుంది. మర్నాడే సభ కూర్చుంది.

"సీటు గుచ్చుకుంటోందని నీకెలా తెలిసింది?" అని అడిగాడు ఎలుగుబంటి.

"కూర్చుంటే తెలిసిందండి."

"అది సొంత అనుభవం," అన్నాడు సభ గుమాస్తా తాబేలు. "సొంత అనుభవం మీద సభ నిర్ణయం చెయ్యకూడదు. ఒక నిపుణుడు కావాలి."

నిపుణుడిగా కొంగను వేశారు. కొంగ పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ కూర్చున్న పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు. కాబట్టి కూర్చునే విషయంలో ఎవరివైపూ మొగ్గడని సభ ఏకగ్రీవంగా నమ్మింది.

నిజం చెప్పాలంటే కొంగ మంచి ఉపాయమే చెప్పాడు. "బంకమన్ను తడిపి పరుద్దాం. ఒక్కొక్కరినీ కూర్చోబెడదాం. అచ్చు పడుతుంది. ఎవరి అచ్చు వాళ్ళకు కొలిచి సీటు చేయిద్దాం."

దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ ప్రారంభోత్సవం లేకుండా ఆ అడవిలో పుట్టగొడుగు కూడా మొలవదు. రిబ్బను కత్తిరించడం పాతబడిందనీ, అధ్యక్షులవారే మొదట మన్ను మీద ఆసీనులై ప్రారంభించాలనీ తాబేలు సూచించాడు.

ఎలుగుబంటి దండలు వేయించుకుని తడిమన్ను మీద కూర్చున్నాడు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. పదకొండు మంది మాట్లాడారు. రెండోవాడు మాట్లాడుతుండగానే అధ్యక్షుడికి నిద్ర పట్టేసింది. నిద్రలో ఒకసారి కుడివైపు ఒరిగాడు, ఒకసారి ఎడమవైపు ఒరిగాడు, ఏనుగు గురించి కల వచ్చినప్పుడు వెనక్కి జరిగాడు. చైత్రమాసపు ఎండ. వందన సమర్పణ అయ్యేసరికి మన్ను ఇటుక అయింది. ఆయన్ని పైకి లాగడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.

తరవాత నలభై మంది బంట్లూ వరసగా వచ్చి ఆ గుంటలోనే కూర్చున్నారు. నాగమణి కూర్చోగానే బయటికి చెవులు మాత్రం కనిపించాయి.

"అయ్యా, మన్ను ఎండిపోయిందండి. నా అచ్చు పడలేదు," అంది లోపలినుంచి.

"అచ్చు కనిపిస్తూనే ఉంది కదమ్మా. లే, వెనక జనం ఉన్నారు," అన్నాడు కొంగ.

ఒక్కొక్కరు లేచినప్పుడల్లా ఆయన గుంటను శ్రద్ధగా కొలిచాడు. నలభైసార్లూ పద్దెనిమిది అంగుళాలే వచ్చింది. ఇంకొకడైతే అనుమానపడేవాడు. కొంగ ఆనందపడ్డాడు. జాతులు వేరైనా ఈ అడవిలో పిర్రలన్నీ ఒక్కటేనని నివేదిక రాశాడు. అది విని ఎలుగుబంటి కళ్ళు చెమర్చాయి.

"మనలో ఇంత ఐకమత్యం ఉందని నాకు తెలీదయ్యా," అంటూ ముద్ర వేశాడు. బంట్లూ వేశారు. వెనకనుంచి తోస్తుంటే నాగమణి కూడా వేసింది.

సీట్లు అల్లే పని గిజిగాడికి ఇచ్చారు. గూళ్ళు అల్లడంలో ఆ పిట్టను మించిన పనివాడు లేడు. అతను కొలత చూసి తల గోక్కున్నాడు.

"నేను గూడల్లితే లోపల కూర్చుని, పొట్టతో నొక్కి, సరిపోయిందో లేదో చూసుకుంటానండి. దీని మీద కూర్చునేవాళ్ళను ఒకసారి పంపండి."

"నీ పని అల్లడం. చూసుకోవడం మా పని," అన్నాడు తాబేలు.

సరే, గిజిగాడు అల్లాడు. చాటలంత సీట్లు నలభై వచ్చాయి. వాటి మీద కూర్చుంటే నాగమణి కాళ్ళు రెండూ రెండు దిక్కులకు పోయాయి. తొక్కుడు చెక్క అందదు. అందుకోబోతే జారుతుంది. ఒక్కపూట దారి మూడు రోజులు పట్టింది. తుంగమడుగులో దగ్గుతో ఉన్న ముసలి దుప్పి మందు అందేలోపు దగ్గీ దగ్గీ గొంతు పోగొట్టుకుంది. నాగమణికి సిగ్గేసింది, కోపమూ వచ్చింది. తిన్నగా సభ కచేరీకి వెళ్ళింది.

తాబేలు కాగితం తీసి, నాగమణిని ఎగాదిగా చూసి, తనే కొలిచాడు.

"నీ కొలత ఎంతని రాసి ఉంది?"

"పద్దెనిమిదని రాశారండి."

"ఇప్పుడు ఉన్నది నాలుగు. మిగతా పద్నాలుగు అంగుళాలు ఏం చేశావు?"

"నాకెప్పుడూ ఇంతేనండి," అంది నాగమణి.

"మరి ఈ ముద్ర ఎవరిది? నలభై మంది ముందు పద్దెనిమిది ఒప్పుకుని, ఇవాళ నాలుగు పట్టుకొచ్చి సీటు బాగాలేదంటే ఎలా? సభవారి దస్తావేజులో చేరిన శరీరాన్ని సొంతానికి తగ్గించుకోకూడదు." ఇలా అని నోటీసు రాసి చేతికిచ్చాడు. లోటుకు మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పుకోవాలి. లేకపోతే ఉద్యోగం అడవిపందికి పోతుంది. అడవిపంది అధ్యక్షులవారి బావమరిది. ఎలుగుబంటికి పంది బావమరిది ఎలా అయ్యాడని ఎవరూ అడగలేదు, అడిగితే దానికీ ఒక సభ పెడతారని.

నాగమణి దారంతా ఏడ్చింది. పిల్లలకు ఆ ముఖం చూపించలేక గిజిగాడి తుమ్మచెట్టు కింద ఆగింది.

"బాబాయ్, నువ్వల్లిన సీటు నా కొంప తీసింది," అంది.

గిజిగాడు కిందికి దిగాడు. నోటీసు చదివి నవ్వబోయి, ఆమెను చూసి ఆపుకున్నాడు. ఒక పలకరాయి మీద మెత్తటి బూడిద పరిచాడు. "కూర్చుని లే తల్లీ," అన్నాడు.

లేచాక చూస్తే బూడిదలో రెండు చిన్న గుంటలు ఉన్నాయి.

"ఇవీ నీ కూర్చునే ఎముకలు. సీటు మోయాల్సింది వీటినే. ఈ రెండూ ఆనితే చాలు, తక్కిన సీటు నీ తొడలకు అడ్డం రాకుండా తప్పుకోవాలి. మెత్తగా పరుపులా ఉంటే సుఖమనుకుంటారు. దిగబడితే ఇంకా నొప్పి."

ఎలాగూ ఉద్యోగం పోయేటట్టే ఉంది కదా అని నాగమణి నియమం మాట పక్కన పెట్టింది. గిజిగాడు చిన్న సీటు అల్లి బిగించాడు. చెట్టు చుట్టూ తిరిగి రమ్మన్నాడు. ముందుకు జారుతోందంటే సీటు ముక్కు కాస్త ఎత్తాడు. మోకాళ్ళు లాగుతున్నాయంటే సీటు కాస్త దించాడు. ఎడమవైపు ఒరుసుకుంటోందంటే విప్పి మళ్ళీ అల్లాడు. మూడోసారి నాగమణి తిరిగి రావడం మర్చిపోయి కొండదాకా వెళ్ళింది.

"ఇంత చిన్న పనికి అంత సభ ఎందుకు బాబాయ్?" అంది వచ్చాక.

"పని చిన్నదని ఎవరికీ తెలియకుండా ఉండడానికమ్మా."

గడువులో మూడో రోజు తపాలా ఊరేగింపు జరిగింది. కొత్త సీట్ల ఘనత లోకానికి చూపించాలని అధ్యక్షుడే తనకూ ఒక సైకిలూ అలాంటి సీటూ తెప్పించుకుని అందరికంటే ముందు ఎక్కాడు. అది ఆయన గుంట కొలతే కదా, ఆయనకైనా పట్టాలి. పట్టలేదు. అది ఎలుగుబంటి కొలతా, ఆయన నిద్రలో దొర్లిన దొర్లుడు కొలతా కలిసిన సీటు. కాళ్ళు చెరోవైపు చాపుకుని, తొక్కుడు చెక్క కోసం వెతుక్కుంటూ, ఆయన తుంగమడుగు దిగుడులో పడ్డాడు. చప్పట్లు కొడుతుండగానే వెళ్ళి బురదలో కూలబడ్డాడు.

వెనక ముప్పైతొమ్మిది మందీ ఎక్కడివాళ్ళక్కడ జారుతూనే ఉన్నారు. నాగమణి ఒక్కతే గాలిలా దిగి, తుంగ తాడు విసిరి ఆయన్ని ఒడ్డుకు లాగింది.

"దెబ్బ తగిలిందాండి? మీకు సీటు సరిపోలేదా?" అని అడిగింది.

"సీటు సరిపోయింది. నేనే సరిపోలేదు," అన్నాడు ఎలుగుబంటి. తరవాత ఆమె సైకిల్ వంక చూశాడు. "ఇది మా సీటు కాదే."

"నాదండి," అంది నాగమణి. ఉద్యోగం పోతుందని తెలిసినా ఆ మాట గట్టిగానే అంది.

ఈలోగా కొంగ ఎగిరొచ్చి అలవాటు కొద్దీ బురదలో అధ్యక్షుడు కూలబడిన చోటు కొలిచాడు. పద్నాలుగు అంగుళాలు ఉంది. సాయంత్రానికి తాబేలు కూడా చేరుకున్నాడు.

ఇప్పుడు పెద్ద ఇబ్బంది వచ్చింది. నివేదిక తప్పందామంటే దాని మీద అధ్యక్షుడి ముద్ర ఉంది. ముంగిస తప్పందామంటే ఆమె లాగిన తాడు ఇంకా ఆయన నడుముకే ఉంది. తాబేలు తల లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించాడు. తల బయటికి తీసి కాగితం మీద ఇలా రాశాడు: "తపాలా బంటు నాగమణి వద్ద లోటుగా ఉన్న పద్నాలుగు అంగుళాలు అధ్యక్షులవారి వద్ద భద్రంగా ఉన్నట్టు కనుగొనబడినది. ఆమె ఉద్యోగము ఆమెదే."

నాగమణి ఆ కాగితాన్ని గుండెకు అదుముకుని ఇంటికి తొక్కింది. దారంతా పాట పాడింది. ఆమె గొంతు బాగుండదు, అయినా ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు.

సభ మాత్రం పాఠం నేర్చుకుంది. ముంగిస సీటు పనిచేసిందని కళ్ళారా చూశారు కాబట్టి, ఇకమీదట అడవిలో అన్ని సీట్లూ నాలుగు అంగుళాలే ఉండాలని ఉత్తర్వు వేశారు. బంట్లు నాగమణి మాట విని, ఒక్కొక్కరే గిజిగాడి బూడిదలో కూర్చుని లేచి, ఎవరి సీటు వాళ్ళు అల్లించుకుని సభవారి కంట పడకుండా పైన గోనెపట్టా కప్పేశారు. ఉత్తర్వును పాటిస్తున్నది దాని మీద ముద్ర వేసిన ఎలుగుబంటి ఒక్కడే. రోజూ పొద్దున్నే ఆ నాలుగంగుళాల సీటు మీద ఊరేగుతున్నాడు. ఎలా ఉందండీ అని ఎవరైనా అడిగితే, పళ్ళు బిగపట్టి, చాలా హాయిగా ఉందంటాడు.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, అందరికీ ఒకే సీటు సరిపోవాలంటే ముందు అందరికీ ఒకే పిర్ర మంజూరు చేయించుకోవాలి.