ఊదే కలం

ఇవ్వనంటే ఏమనుకుంటాడు? మనసులో పెట్టుకుంటాడా, అప్పుడే మరిచిపోతాడా? మరిచిపోయినట్టు నటిస్తే అది ఇంకా ప్రమాదం... వికారాబాద్ కచ్చేరిలో దరఖాస్తులు రాసే బాలప్ప రోజూ ఉదయం మొహం కడుక్కుంటూ కూడా ఇదే ఆలోచిస్తాడు. కలం ఇమ్మని ఎవరడిగినా కాదనడానికి అతనికి నోరు రాదు. ఇచ్చిన కలం తిరిగి రాదు. అన్నింటికన్నా ఎక్కువ పోయింది తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే పేష్కార్ చంద్రశేఖర్ జేబులోకే.

ఈ రోజు మాత్రం భయం లేదు. నిన్న తాండూరు అంగడిలో కలాలమ్మే వలీ దగ్గర ఒక చవక కలం దొరికింది. దానికి పక్కన ఎత్తే కడ్డీ లేదు, తిప్పే మర లేదు. తోక చివర చిన్న రంధ్రం, అంతే. పాళీని సిరాలో ముంచి, తోకను నోట్లో పెట్టుకుని ఊదాలి. ఊదడం ఆపగానే లోపలి రబ్బరు తిత్తి ఉబ్బి సిరా పీల్చుకుంటుంది.

"నోట్ల పెట్టుకోవాల్నా?" అని అడిగాడు బాలప్ప.

"అందుకే ఎవ్వడు కొంటలేడు భయ్యా," అన్నాడు వలీ దిగులుగా.

బాలప్ప గుండె పొంగింది. ఎంగిలి కలాన్ని ఎవరడుగుతారు? తాను చెప్పలేని మాటను ఇదే చెబుతుంది. అందరూ చూసేలా కచ్చేరి వరండాలోనే నింపాలనుకున్నాడు.

మొదటిసారి గట్టిగా ఊదాడు. సిరాబుడ్డి బుడబుడమని పొంగి, అతనికి నీలం మీసాలు మొలిచాయి. రెండోసారి కళ్ళలో పడుతుందని రెప్పలు గట్టిగా మూసుకుని, మెల్లగా, దీర్ఘంగా ఊదాడు. ఎదురుగా బావి మంజూరు కోసం వచ్చిన ఎంకమ్మ కూర్చుని ఉంది. ఆమె వాడలో పిల్లలకు దిష్టి తగిలితే మసీదు మెట్ల దగ్గర నిలబెడతారు. నమాజు చేసి వచ్చేవాళ్ళు దువా చదివి ఊదుతారు.

"నా కాయితానికి దువా ఊదుతున్నవా అయ్యా?" అంది చేతులు జోడించి.

నోట్లో కలం ఉంది. బాలప్ప "ఊఁ" అన్నాడు.

ఆ రోజు తహసీల్దారు దొరవారికి తాండూరు రైలు అందుకోవాలన్న తొందర. ఎదుట పెట్టిన ప్రతి కాగితం మీదా చదవకుండా సంతకం చేశారు. అందులో ఎంకమ్మదీ ఉంది.

మరుసటి అంగడి నాటికి వరండా ముందు వరుస రోడ్డు దాకా పాకింది. పరిగి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరూ కలం అడగలేదు నిజమే, కానీ కలం పట్టుకున్నవాణ్ణి వదల్లేదు. వరుసలో ముందున్న జమాలున్నీసా చంటిదాన్ని ముందుకు చాపింది.

"నజరైంది అన్నా. జర ఊదు."

"నేను సిరా కోసం ఊదుత తల్లీ!"

"సిరా ఎందుకు? ఉత్తగనే ఊదు."

కాదనలేక ఊదాడు. మళ్ళీ మొలిచిన నీలం మీసాలు చూసి పిల్ల కిలకిలా నవ్వింది. "అగో, తగ్గింది!" అన్నారు జనం.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ పేష్కార్ వచ్చాడు. కచ్చేరిని దర్గా చేశావంటాడు, అనుకున్నాడు బాలప్ప. రాసి పైకి పంపుతాడు. బతుకుతెరువు పోతుంది... పేష్కార్ అతని చెవి దగ్గరకు వంగాడు.

"గా కలం ఇటియ్యి. నా హైదరాబాద్ బదిలీ దరఖాస్తు దాంతోనే రాయాలె."

"ఎంగిలిది సాబ్!"

"ఎంగిలిదనే గదనయ్యా అడుగుతున్న!"

బాలప్ప చేతిలోని కలం వైపు చూశాడు. అది చెప్పగలిగిందంతా చెప్పేసింది. ఇక మిగిలింది తన నోరే. అందులో ఇప్పుడు కలం కూడా లేదు.

"ఇయ్య," అన్నాడు.

ఆకాశం విరిగి పడుతుందని చూశాడు. పడలేదు.

"ఇయ్యవా? సరే తియ్," అంటూ పేష్కార్ జేబులోంచి మరో కలం తీశాడు. "పోనీ దీని మీద ఊదు."

దాని మూత మీది పంటి గాట్లు బాలప్పవే. ఆలోచనలో పడ్డప్పుడల్లా కొరికినవి. అతను ఆ కలం అందుకున్నాడు, కళ్ళు మూసుకుని భక్తిగా ఊదాడు, తన జేబుకు పెట్టుకున్నాడు.

ఇచ్చిన కలం తిరిగి రాదన్న సంగతి పేష్కార్‌కు తెలియనిది కాదు.